ఇంట్లో పదహారు, బడిలో పదిహేను

హలో… ఆ, నేనేరా. ఈ ఫ్లయింగ్ క్లబ్బు ఆఫీసులో ఫోను మోగితే పదేళ్ళుగా నేనే ఎత్తుతున్నా, ఇవాళ కొత్తగా ఎవరొస్తారు?…

ఆ… తిన్నాను… ఆ, టీ కూడా అయింది… మోకాలా? బాగానే ఉంది. ఒరేయ్ తమ్ముడూ, నా మోకాలి సంగతి నువ్వు అడిగావంటే ఎక్కడో పడవ మునిగిందన్నమాట. అసలు సంగతికి రా.

బుల్లి సంగతా?… వచ్చింది. ఇదిగో, అద్దం తలుపు అవతల బెంచీ మీద కూచుంది… లేదు, కాస్త ఆలస్యంగానే వచ్చింది. దారిలో ఏదో పని చూసుకుని వచ్చానంది… ఏమో, నీ కూతురు, నువ్వే అడుగు.

ఎగరలేదు… ఇంకా ఎగరలేదన్నానా!… విమానం బయటే ఉంది. కెప్టెన్ గారు దాని చుట్టూ తిరిగి చూసుకుంటున్నారు, పెళ్ళికొడుకుని చూసినట్టు…

బడి కాగితమా? అందింది. నిన్న సాయంత్రమే చూశాను… చూశాను కాబట్టే, పొద్దున్నే నీ ఫోనొస్తుందని ఎదురుచూస్తూ కూచున్నా. ఏం రాశావు దాని కింద? “అక్కా, నువ్వున్నావుగా, చూసుకో.” … ఆహా. ఏం చూసుకోమని? కళ్ళజోడు పెట్టుకుని చూశా, తీసేసి చూశా. ఎలా చూసినా పదిహేనే కనిపిస్తోంది.

… రూలు మారలేదురా. నిన్నటికీ ఇవాళ్టికీ మార్చడానికి అదేమన్నా నీ ఫోటో స్టూడియో ముందు బోర్డా? మళ్ళీ చెప్తా విను. పక్కన కెప్టెన్ కూచుంటే ఏ వయసువాళ్ళయినా నేర్చుకోవచ్చు, కాళ్ళు పెడళ్ళకి అందితే చాలు. ఒంటరిగా పైకి వెళ్ళాలంటే పదహారు నిండాలి. లైసెన్సు చేతికి రావాలంటే పదిహేడు. అంతే…

తెలుసు… నాకు తెలుసురా… నాకు తెలియకపోవడమేమిటి! అది పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలో దాన్ని మొదట ఎత్తుకుంది నేను. నువ్వేమో కెమెరాలో రీలు అయిపోయిందని బజారుకి పరిగెత్తావు. ఇవాళ్టికి సరిగ్గా పదహారు నిండాయి. నేను కాదన్నానా?… సాక్ష్యం చెప్పనా? సరే చెప్తా. ఫైలు అడిగితే “అయ్యా, ఇదిగో నా ఒళ్ళు, ఇందులోనే ఉందండీ పిల్ల” అని చూపిస్తా. స్టాంపు ఎక్కడ వేస్తారో మరి.

… ఆ మాట అను. కాగితం తప్పు. అవును, కాగితం తప్పే. పాపం, దానంతటదే తప్పైపోయింది! బడిలో చేర్చేటప్పుడు ఏడాది తగ్గించి రాయించింది ఎవరు? పక్కింటి పిల్లా?…

నేనప్పుడే అన్నాను. “ఎందుకురా, పిల్ల చురుగ్గానే ఉంది కదా” అన్నాను. నువ్వేమన్నావు? “ఉన్న వయసుకి చురుకైతే ఎవరు చూస్తారక్కా, వయసుకి మించి చురుకుండాలి” అన్నావు. అదేం తెలివో! మించి ఉండాలంటే పిల్లకి చదువు పెంచాలిగానీ వయసు తగ్గిస్తారుట్రా?…

బడి ఒక్కటే అయితే పోనీలే అనుకునేదాన్ని. తర్వాత ఈత. ఎనిమిదేళ్ళలోపు పోటీకి ఎనిమిది నిండిన పిల్ల. పదేళ్ళలోపుకి పది నిండినది. పన్నెండేళ్ళలోపుకి… చెప్పనా ఇంకా? ఇంట్లో తలుపేసుకుని పదహారు కొవ్వొత్తులు, బడిలో పదిహేను చప్పట్లు. ఆ పిల్ల పుట్టినరోజు అంటే లెక్కల పరీక్ష అయి కూచుంది.

… గెలిచింది. ఎవరు కాదన్నారు? బాగానే ఈదింది. ఏడాది పొడుగు కాళ్ళతో ఈదింది.

సరే, ఊరుకుంటా… ఊరుకున్నాను. నువ్వు చెప్పు.

… ఊఁ… ఊఁ…

అసలు సర్టిఫికెట్టు ఉందిగా. పుట్టినప్పటిది. మరదలి బీరువాలో చీరల కింద ఉంటుంది, నాకు తెలుసు. అది పట్టుకుని బడికి వెళ్ళు, “సంవత్సరం తప్పు రాయించానండీ” అని సంతకం పెట్టు. వాళ్ళు సరిచేసి ఇస్తారు. రెండు కాగితాలూ ఒకే మాట చెప్తే, నేనే దగ్గరుండి… ఏమిటీ?

ఎందుకు కుదరదు?

… వచ్చే నెల?… పదహారేళ్ళలోపు ఈత పోటీలు?…

ఓహో… ఆగు ఆగు, నన్ను సరిగ్గా అర్థం చేసుకోనీ. అంటే ఇవాళ ఇక్కడ దానికి పదహారు. వచ్చే నెల అక్కడ పదిహేను. పోనీ, ఎల్లుండి నీకు తోచిన వయసేమన్నా ఉందా? ఉంటే ఇప్పుడే చెప్పు, పెన్సిలుతో రాసుకుంటా, చెరుపుకోవడానికి వీలుగా ఉంటుంది.

… ఒక్క రౌండా?

“ఏమీ రాయకుండా ఒక్క రౌండు తిప్పించి దించెయ్యక్కా.” … ఎంత ముద్దుగా అడిగావురా. గుర్రబ్బండి అనుకున్నావా? మనిషి ఒంటరిగా పైన ఉన్నప్పుడు ఒక్క రౌండేమిటి, వంద రౌండ్లేమిటి? ఏదన్నా అయితే… కాదు, నువ్వు అనొద్దన్నంత మాత్రాన కాకుండా పోతుందా?… ఏదన్నా అయితే, “ఈ పిల్లని ఎవరు పంపారు” అంటారు. ఫైలు తీస్తారు. కింద సంతకం ఎవరిది? మేనత్తది. కెప్టెన్ గారు నిన్న సాయంత్రం ఇక్కడ నిలబడి అడిగారు నన్ను. “మీ మేనకోడలేగా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయా” అని. నేను నేల చూపులు చూశాను. పదేళ్ళలో ఆయన ముందు నేల చూడ్డం అదే మొదటిసారి. నీ పుణ్యమే.

… చేతులు జోడిస్తున్నావా? ఫోన్లో కనపడవులే, దించెయ్.

ఇంకోటి అడుగుతా. నిజం చెప్పు. పోస్టరు వేశావటగా?… ఎవరు చెపితే నీకెందుకు. వేశావా లేదా?…

ఎన్ని?… యాభయ్యా!

ఏం రాయించావు దాని మీద?… వినపడలేదు, గట్టిగా… “పదిహేనేళ్ళకే ఒంటరిగా ఆకాశంలో.” …

నాకు నవ్వొస్తోందిరా. నిజంగా నవ్వొస్తోంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పిల్ల ఇంకా బెంచీ మీదే ఉంది, నువ్వు గోడలకి అంటించడానికి సిద్ధం. అదీకాక, నా దగ్గరికొచ్చి “పదహారని నమ్మక్కా” అంటావు, జనానికి “పదిహేనని నమ్మండి” అంటావు. మరి నువ్వేం నమ్ముతావు? అది కూడా చెప్పు, విని తరిస్తాం.

… ఆయన సంగతెందుకిప్పుడు?… ఎవరూ, మా పళ్ళ డాక్టరు గారా? అవును, ఆయనకి డెబ్బై రెండు. పోయిన నెలే ఒంటరిగా ఎగిరి దిగారు… పైన హద్దు లేదురా బాబూ. గుండె, కళ్ళు, చెవులు బాగున్నాయని డాక్టరు రాసిస్తే తొంభై ఏళ్ళయినా రావచ్చు. ఆయన మొదటిరోజు గుమ్మంలోనే ఆగిపోయారు పాపం, “అమ్మా, నన్ను చూసి నవ్వరుగా” అని. వైద్యపరీక్షకి మూడుసార్లు తిప్పారు ఆయన్ని. తిరిగారు. ఏ ఒక్కసారీ “అరవై అని రాసుకోండి” అనలేదు.

… “ముసలాయన్ని వదిలారు, నా కూతుర్ని వదలరా” అంటావేమిటి? ఆయనకి ఇంట్లో డెబ్బై రెండు, కాగితంలో డెబ్బై రెండు, అద్దంలో కూడా డెబ్బై రెండే. అదీ తేడా.

… అరవకు. అరిస్తే పదిహేను పదహారవదు.

…

హలో?… ఉన్నావా?

ఏమిటా గొంతు?… ఒరేయ్… సరే, సరే. నాకు మాత్రం సంతోషంగా ఉందనుకున్నావా? పొద్దున్నుంచి దాని మొహం చూడలేక సర్దిన ఫైళ్ళే మళ్ళీ సర్దుతున్నా. ఆర్నెల్ల కష్టం దానిది. మొన్న గాలి అడ్డంగా కొడుతుంటే దించింది చూడు, కెప్టెన్ గారు చెయ్యి కూడా వెయ్యలేదు, వచ్చి నాతో చెప్పి మురిసిపోయారు. అది నా మేనకోడలురా.

… ఏ చొక్కా వేసుకుందా? నీకెలా తెలుసు చొక్కా సంగతి?… ఓ, బీరువాలో కనపడలేదా? నీదే. ఆ నీలం గళ్ళది. భుజం దగ్గర కెమెరా పట్టీ రాసుకుని వెలిసిపోయిందే, అది. అందులో దాని చేతులే కనపడట్లేదు, నాలుగు మడతలు పెట్టింది.

… ఎందుకంటే, మా దగ్గర ఓ ఆచారం ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగగానే, వేసుకున్న చొక్కా వీపు భాగం కత్తిరించి గోడకి తగిలిస్తాం. పళ్ళ డాక్టరు గారి గుడ్డ ఇదిగో, నా తల పైనే ఉంది… పిచ్చికాదురా. వెనకటికి గురువు వెనక సీట్లో కూచునేవాడట. ఇంజను రొదలో మాట వినపడదు కదా, శిష్యుడి చొక్కా పట్టుకుని లాగేవాడట, ఇటు తిప్పు, అటు తిప్పు అని. ఒంటరిగా ఎగిరొచ్చినవాళ్ళకి ఇక వెనకనుంచి లాగేవాళ్ళు అక్కర్లేదని ఆ ముక్క కోసేస్తారు.

… ఆ. అందుకే నీ చొక్కా వేసుకుంది.

… ఏమో, నేనడగలేదు. నువ్వే ఆలోచించు.

… ఏం చెప్పమంటావు దానికి?… గాలి బాగాలేదనా?

ఒరేయ్! బయట గాలి చూపించే గుడ్డ గొట్టం నీ పోస్టరులా చప్పబడి వేలాడుతోంది, ఆకు కదలట్లేదు. దాని కళ్ళ ముందే ఉంది. ఇక గాలి చేత కూడా అబద్ధం చెప్పిస్తావా? పిల్ల వయసు మార్చడం అయింది, ఇప్పుడు వాతావరణమా? రేపు సూర్యుడి పుట్టినరోజు కూడా మార్పించుకొస్తావు.

… చెప్పలేవా? నోరు రాదా? పోస్టరు మీద రాసేటప్పుడు బాగానే వచ్చిందే…

అయినా, నీకా శ్రమ లేదులే. దానికి తెలుసు.

… తెలుసు అంటే తెలుసు… నేను చెప్పలేదు! ఒట్టు, నేను కాదు. నిన్న ఆ కాగితం స్కాన్ చేసి నాకు పంపమని ఎవరికిచ్చావు?… ఆ. దానికేగా? చేతికిచ్చి, “అత్తకి పంపెయ్ అమ్మా” అని నువ్వు టీ తాగడానికి పోయావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది. రూలు దానికి తెలీదనుకున్నావా? ఆర్నెల్లుగా ఈ బెంచీ మీద కూచుని ఎదురుగా గోడ మీదున్నది అదే చదువుతోంది.

నిన్న చీకటిపడే వేళకి ఫోన్ చేసింది నాకు. “అత్తా, ఇది సరి చెయ్యడానికి ఏం చెయ్యాలి” అంది. చెప్పాను. సరిచేస్తే ఈత కప్పుల సంగతి కూడా బయటపడుతుందమ్మా అన్నాను, దాచలేదు. దానికి అది, “ఆ పిల్ల గుర్తుందా అత్తా” అంది.

… ఏ పిల్లేమిటి! ప్రతిసారీ రెండోది వచ్చేదే, సన్నగా, చెవులు పెద్దగా… నీకు గుర్తుండదులే. నీ ఫోటోల్లోంచి కత్తిరించేశావుగా. కప్పు ఒక పక్కా, బుల్లి ఒక పక్కా పెద్దగా రావాలని, పక్కన నిలబడ్డ పిల్లని నీట్‌గా కత్తెరతో తీసేశావు. ఆ పెద్ద ఫోటోలో మోచెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఎప్పుడన్నా చూశావా? బుల్లి రోజూ చూసేదట.

… దొంగకి తేలు కుట్టినట్టు అలా బిగుసుకుపోతే ఎలా? మాట్లాడు.

ఇప్పుడెక్కడున్నావు?… మేడ మీదా? స్టూడియో ఇంకా తెరవలేదా?… అయితే కిందికి దిగు… దిగు, చెప్తా… ఫోను పెట్టెయ్యకు, పట్టుకునే దిగు.

… షట్టరెత్తు. ఎత్తావా?… అబ్బ, ఆ చప్పుడేమిట్రా, నూనె వెయ్యరాదూ?

లైటెయ్యి. కప్పుల అద్దాల బీరువా చూడు.

…

…

తమ్ముడూ?…

దొంగలు కాదు. పోలీసులూ వద్దు, గీలీసులూ వద్దు. తాళం పగలలేదు చూడు, దాని దగ్గరున్న తాళంతోనే తీసింది. నువ్వు లేవకముందే కప్పులన్నీ సంచీలో సర్దుకుని వెళ్ళింది. దారిలో పనుందని అందని చెప్పలా నీకు? ఈత కోచ్ ఇంటికి వెళ్ళింది. ఆయన ముందు బల్ల మీద అన్నీ వరసగా పెట్టి, “ఇవి నావి కావండీ, నాకు అప్పుడు ఏడాది ఎక్కువ” అని చెప్పింది. ఆయన లేచి మంచినీళ్ళిచ్చాడట. అవి ఆ రెండో పిల్లకి చేర్చమని అడిగి, అక్కణ్ణుంచి బస్సెక్కి ఇటొచ్చింది.

… నీ పరువా? నీ పరువు సంచీలో పట్టేంతే ఉందన్నమాట. బరువు మాత్రం బాగానే ఉందట, చెయ్యి నొప్పంటోంది.

… ఏమిటీ, ఒకటుందా?… ఎక్కడ?… కింది అరలో, చిన్నది… ఆ, అది ఉంచేసింది. చిన్నప్పుడు పార్కులో గోనెసంచుల పరుగుపందెంలో వచ్చింది. దానికి ఎవరూ వయసు అడగలేదుగా. పెద్దవాళ్ళు కూడా పరిగెత్తారు, నువ్వే బోర్లా పడ్డావు. అది నిజంగా దానిదే అంది.

…

ఒరేయ్, కూచో. ఆ ఫోటోలు తీసేటప్పుడు కూచోబెట్టే స్టూలు మీద కూచో. నేనున్నాను, మాట్లాడకపోయినా ఫరవాలేదు.

…

… కోపమా? నీ మీదా?… ఏమోరా. ఏడవలేదు. నాతో నవ్వుతూనే మాట్లాడింది, కాకపోతే నా కళ్ళలోకి చూసి మాట్లాడింది. చిన్నప్పటిలా కాదు. ఇన్నాళ్ళూ దాన్ని బుల్లి, బుల్లి అంటూ ఏడాది వెనకే పట్టుకు కూచున్నాం. పొద్దున అది గుమ్మంలోకి వస్తుంటే ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను.

… ఇవాళ కుదరదు. ఒంటరిగా కుదరదని దానికీ తెలుసు, చొక్కా మాత్రం ముందే అనుకుందని వేసుకొచ్చింది. కెప్టెన్ గారితో అదే చెప్పింది, వచ్చీ రాగానే. “కాగితం సరయ్యాకే వెళ్తానండీ, ఇవాళ మీరు పక్కన కూచోండి” అంది. ఆయన కూడా ఏం అడగలేదు, టోపీ పెట్టుకుని బయల్దేరారు. మంచివాడు.

… ఇస్తాను ఉండు. బుల్లీ!… బుల్లీ, నాన్న, ఫోన్లో…

…

వెళ్తోందిరా. కెప్టెన్ గారు పిలుస్తున్నారు… లేదు, చెయ్యి ఊపింది. ఒక్క మాట చెప్పమంది… చెప్పనా? బాధపడకూడదు. “నాన్నని కెమెరా తేవద్దని చెప్పత్తా. అసలు సర్టిఫికెట్టు తెమ్మని చెప్పు” అంది.

… అంతే అంది.

…

ఏమిటా చప్పుడు?… షట్టరా? ఇప్పుడేగా ఎత్తావు, అప్పుడే దించుతున్నావే… ఎక్కడికి?… మేడ మీదికా? ఎందుకు… చీరల కింద, అవును, ఎడమ పక్క… ఆ గులాబీ రంగు కవరే…

ఇక్కడికి కాదురా! ముందు బడికి వెళ్ళు. ఆ హెడ్‌మాస్టరు గారి ముందు నిలబడి నీ నోటితో చెప్పు. తర్వాత ఇక్కడికి రా… ఆ, వచ్చే నెల ఈత లేదు. లేదంతే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కావు, కడుక్కో… పోస్టర్లా? వెనక తెల్లగానే ఉంటుందిగా, నీ స్టూడియో లెక్కలు రాసుకో, పదేళ్ళొస్తాయి.

… ఆగు, ఇంజను మొదలైంది, గట్టిగా చెప్పు… ఏమిటీ?…

చొక్కానా? కొయ్యంలే. ఇవాళ కొయ్యడానికేముంది, కెప్టెన్ పక్కనే ఉన్నారుగా. అది ఒంటరిగా ఎగిరి దిగిన రోజున… నువ్వా? నువ్వు కోస్తావా?…

… సరే. నీ చొక్కాయే, నీ కూతురే. అయితే మా ఆఫీసు కత్తెర మొద్దుబారింది. నీదే తెచ్చుకో… ఆ, స్టూడియోలోదే. ఆ పిల్లని కత్తిరించావే, ఆ కత్తెరే పట్టుకురా.

… హలో?… తమ్ముడూ, వింటున్నావా?… అదుగో, చక్రాలు లేచాయి. ఉంటాను మరి.